విమానాశ్రయానికి రిహార్సలు

రైలు గేటు దగ్గర మీరెప్పుడైనా ఆగారా? గేటు పడుతుంది. బస్సులు, లారీలు, సైకిళ్లు బారులు తీరి నిలబడతాయి. రైలు వెళ్లిపోయాక గాని గేటు లేవదు. ఈలోగా ఎవరైనా తొందరపడి గేటు కింద నుంచి దూరితే ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

పెద్ద విమానాశ్రయాల్లో కూడా ఇలాంటి చోట్లుంటాయి. కాకపోతే అక్కడ గేటు ఉండదు, గేటుమాన్ ఉండడు. ఎత్తయిన టవర్‌లో కూర్చున్న కంట్రోలర్ రేడియోలో చెప్పే మాటే గేటు.

ఎలాగో చూద్దాం. విమానం దిగడానికీ, ఎగరడానికీ పరుగెత్తే పొడుగాటి బాటను రన్‌వే అంటారు. రన్‌వే నుంచి ప్రయాణికులు దిగే టెర్మినల్ వరకు విమానం నెమ్మదిగా నడిచే దారి టాక్సీవే. రద్దీ పెరిగిన విమానాశ్రయాల్లో రెండు రన్‌వేలు పక్కపక్కనే, సమాంతర రేఖల్లాగా ఉంటాయి. సాధారణంగా బయటి దానిమీద విమానాలు దిగుతాయి, లోపలి దానిమీద ఎగురుతాయి. మరి బయటి రన్‌వే మీద దిగిన విమానం టెర్మినల్ చేరాలంటే? లోపలి రన్‌వేను అడ్డంగా దాటాలి. అదే మన రైలు గేటు!

ఎగరబోయే పెద్ద విమానం గంటకు 250 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంటే సెకనుకు దాదాపు 70 మీటర్లు. పది సెకన్లలో 700 మీటర్లు! అంత వేగంలో ఉన్నదాన్ని ఉన్నపళంగా ఆపడం ఎవరి తరమూ కాదు. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు కమ్మింది. ఒక విమానం ఇంకా రన్‌వే మీద ఉండగానే మరో విమానం ఎగరడానికి పరుగు తీసింది. రెండూ ఢీకొని 583 మంది చనిపోయారు. 1991 ఫిబ్రవరి 1న అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో ఒక చిన్న విమానం రన్‌వే మీద అనుమతి కోసం ఎదురుచూస్తోంది. దాని సంగతి కంట్రోలర్ మనసులోంచి జారిపోయింది. అదే రన్‌వే మీద దిగడానికి మరో విమానానికి అనుమతి దొరికింది. ఆ ప్రమాదంలో 35 మంది ప్రాణాలు పోయాయి.

అయితే దారులు మార్చవచ్చు గదా అంటారు మీరు. మార్చవచ్చు. కాని కొత్త దారి నిజంగా మేలు చేస్తుందో, కొత్త చిక్కు తెచ్చిపెడుతుందో ముందుగా ఎలా తెలుస్తుంది? కోట్ల రూపాయలు పోసి కాంక్రీటు వేశాక "అయ్యో, ఇది కుదరలేదే" అంటే లాభం లేదు. పోనీ, నడుస్తున్న విమానాశ్రయంలోనే ప్రయోగం చేద్దామా? విమానం నిండా మనుషులుంటారు. అది ప్రయోగశాల కాదు.

నాటకం వేసే ముందు మీరు బడిలో రిహార్సలు వేసుకుంటారు గదా! విమానాశ్రయానికీ అలాంటి రిహార్సలే కావాలి. అందుకోసం కట్టినదే కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రంలో ఉన్న ఒక చిత్రమైన భవనం. దాని పేరు ఫ్యూచర్‌ఫ్లైట్ సెంట్రల్. నాసా, అమెరికా విమానయాన శాఖ కలిసి ఖర్చు పంచుకొని నిర్మించాయి. 1999 డిసెంబరులో ప్రారంభించారు.

ఆ భవనం పై అంతస్తు అచ్చం కంట్రోల్ టవర్‌లా ఉంటుంది. కిటికీల స్థానంలో చుట్టూ 12 పెద్ద తెరలు అమర్చారు. మధ్యలో నిలబడి గుండ్రంగా తిరిగితే, ఎటు చూసినా విమానాశ్రయమే! దిగే విమానాలు, ఎగిరే విమానాలు, నడిచే విమానాలు అన్నీ కంప్యూటర్ గీసిన బొమ్మలే. మీట నొక్కితే పగలు రాత్రి అవుతుంది, ఎండ పోయి పొగమంచు వస్తుంది. కింది అంతస్తులో పైలట్ల పాత్ర ధరించేవారు కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. పైనున్న కంట్రోలర్ రేడియోలో ఆజ్ఞ ఇస్తే, వారు జవాబు చెప్పి, తెర మీది విమానాన్ని అలాగే నడిపిస్తారు.

ఇలాంటి చోట యంత్రాల కన్నా ముఖ్యమైనది మరొకటుంది. అది అందరూ ఒకచోట చేరడం. దారులు వేసే ఇంజనీరు ఖర్చు గురించి ఆలోచిస్తాడు. విమాన సంస్థవారు నిమిషాలూ, ఇంధనమూ లెక్కపెడతారు. కంట్రోలర్ మాత్రం "నేను ఒకేసారి ఎన్ని విమానాలను గుర్తుపెట్టుకోవాలి?" అని అడుగుతాడు. ఎవరి గదిలో వారు కూర్చుంటే ఎవరి మాట వారికే సబబు. ఒకే తెర ముందు నిలబడి ఒకే రద్దీని చూస్తే, ఒకరి కష్టం మరొకరికి అర్థమవుతుంది.

2001లో లాస్ ఏంజిలిస్ విమానాశ్రయాన్ని ఈ తెరల మీదికి తెచ్చారు. అక్కడ పనిచేసే కంట్రోలర్లనే పిలిపించారు. మొదట కొత్త ఆలోచన ఏదీ పెట్టలేదు. ఉన్నది ఉన్నట్టు చూపించి, "ఇది మీ విమానాశ్రయంలాగే ఉందా?" అని పరీక్షించారు. ఎందుకో గ్రహించారా? త్రాసు సరిగా ఉందో లేదో చూడకుండా వస్తువును తూచకూడదు. ఆ తరువాతే మార్పులను పరీక్షించారు.

2003లో డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం వంతు వచ్చింది. అక్కడ విమానాలు రోజుకు వెయ్యికి పైగా సార్లు రన్‌వేలను దాటవలసి వచ్చేది. రన్‌వేను అడ్డంగా దాటకుండా, దాని చివరను చుట్టి పోయే టాక్సీవే వేస్తే ఎలా ఉంటుందన్నది ఆలోచన. దూరం పెరుగుతుంది నిజమే. కాని మధ్యలో ఆగి, అనుమతి కోసం కాచుకునే పని ఉండదు. కంట్రోలర్‌కు మాటలు తగ్గుతాయి, గుర్తుపెట్టుకోవలసినవి తగ్గుతాయి. 2008 డిసెంబరులో అలాంటి మొదటి టాక్సీవే అక్కడ వాడుకలోకి వచ్చింది. అట్లాంటాలో అంతకుముందే, 2007లో, ఇలాంటిదే వచ్చింది.

ఇందులోనూ ఒక చిక్కుంది. ఎగరబోయే పైలట్‌కు ఎదురుగా, రన్‌వే చివర ఒక విమానం అడ్డంగా పోతున్నట్టు కనిపిస్తుంది. అది రన్‌వే మీదే ఉందేమోనని అతను కంగారు పడవచ్చు! అందుకని అట్లాంటాలో ఆ దారిని రన్‌వే కన్నా పల్లంగా వేశారు. కొన్నిచోట్ల ఎరుపు, తెలుపు చారల తడిక లాంటి అడ్డు తెర నిలబెడతారు. ఒక చిక్కు విప్పితే మరొకటి కనిపిస్తుంది. రిహార్సలు వేసేది అందుకే.

ఈ కథ మన ఊరికి కూడా చేరింది. 2008 మార్చి వరకు హైదరాబాద్ ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. తరువాత అవి శంషాబాద్‌కు మారాయి. ఆ బేగంపేటలోనే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా 350 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో పౌర విమానయాన పరిశోధన సంస్థ కేంద్రాన్ని కట్టింది. 2024 మార్చి 5న అది ప్రారంభమైంది. విమానాశ్రయాల, గగనతలాల భద్రతను, సామర్థ్యాన్ని పెంచే పరిశోధనలు దాని ముఖ్య లక్ష్యం.

మీరూ చేసి చూడండి

బడి మైదానంలో ముగ్గుతో రెండు సమాంతర గీతలు గీయండి. ఒక్కొక్కటి 20 అడుగులు, మధ్య దూరం 10 అడుగులు. లోపలి గీతకు ఇవతల టెర్మినల్. నలుగురు పిల్లలు బయటి గీత మీద "దిగే విమానాలు". నలుగురు లోపలి గీత మీద "ఎగిరే విమానాలు". ఒకరు కంట్రోలర్. ఆ అనుమతి లేనిదే ఎవరూ పరుగెత్తకూడదు, లోపలి గీత దాటకూడదు. అయిదు నిమిషాలు ఆడండి. ఎన్ని విమానాలు ఎగిరాయి, కంట్రోలర్ ఎన్నిసార్లు పిలిచాడు, ఎన్ని పొరపాట్లు జరిగాయి అన్నవి మరొకరు రాసుకోవాలి.

తరువాత లోపలి గీత చివరను దూరంగా చుట్టి వచ్చే దారి గీయండి. దిగిన విమానాలు ఆ దారినే రావాలి. అదే కంట్రోలర్, అవే అయిదు నిమిషాలు. లెక్కలు పోల్చండి.

ఇక్కడ ఒక ప్రశ్న. రెండోసారి ఆట బాగా సాగితే, అది కొత్త దారి గొప్పతనమా, లేక మీరు ఆటకు అలవాటు పడ్డారా? తేల్చడానికి ఉపాయముంది. మరో జట్టును తీసుకొని, వారిచేత ముందు కొత్త దారిలో, తరువాత పాత దారిలో ఆడించండి. అప్పుడు కూడా కొత్త దారే గెలిస్తే దాన్ని నమ్మవచ్చు. గెలవకపోతే? అదీ మంచిదే. పోయింది కాస్త ముగ్గుపిండి మాత్రమే!