ప్రజారవాణాకు ప్రభుత్వ నిధులు, బస్సు ప్రాధాన్యం: ఒక పరిశీలన

విజయవాడ సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలుపట్టాలు ఉన్న చోట ఇప్పుడు వెడల్పాటి రహదారి ఉంది. నగరవాసులు దానిని బీఆర్‌టీఎస్ రోడ్డు అంటారు. బస్సులకు ప్రత్యేక మార్గం, వేగవంతమైన బస్సు వ్యవస్థ అన్నవి ఆ పేరులోని ఉద్దేశం. ఆశించిన వ్యవస్థ నిలదొక్కుకోలేదు. పేరు మాత్రం చిరునామాలలోనూ ఆటో బేరాలలోనూ స్థిరపడింది. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం ఈ రహదారికి ఆధారం. విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలకు ఆ పథకంలో కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం, స్థానిక సంస్థ 30 శాతం భరించాలన్నది నియమం. నిధులు వచ్చాయి, రోడ్డు వచ్చింది. బస్సుకు ప్రాధాన్యం ఎందుకు రాలేదన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన అంశం.

బస్సు ప్రాధాన్యం అనగానే దానిని ట్రాఫిక్ నియంత్రణకు చెందిన విషయంగా భావించడం పరిపాటి. నిజానికి అది ఆర్థిక విషయం. ఉదాహరణకు 15 కిలోమీటర్ల మార్గంలో పది నిమిషాలకొక బస్సు నడపాలనుకుందాం. రెండు చివరలా పదేసి నిమిషాల విరామం ఉంటుంది. సగటు వేగం గంటకు 15 కిలోమీటర్లయితే ఒక బస్సు వెళ్లి తిరిగి రావడానికి 140 నిమిషాలు పడుతుంది కనుక 14 బస్సులు కావాలి. వేగం 10 కిలోమీటర్లకు పడిపోతే 200 నిమిషాలు, 20 బస్సులు. అదే 20 కిలోమీటర్లకు పెరిగితే 110 నిమిషాలు, 11 బస్సులు చాలు. ప్రయాణికునికి అందే సేవ మూడు సందర్భాలలోనూ పది నిమిషాలకొక బస్సే. మారేది వ్యయం. డ్రైవరు, కండక్టరు వేతనం పనివేళను బట్టి ఉంటుంది, బస్సు తిరిగిన దూరాన్ని బట్టి కాదు. కాబట్టి రద్దీలో నిలిచిపోయిన ప్రతి నిమిషానికీ రవాణా సంస్థ మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది. ఈ మొత్తం ఏ బడ్జెట్ పద్దులోనూ విడిగా కనిపించదు. సంస్థ నష్టంలో కలిసిపోతుంది. ఆ నష్టాన్నే మనం అసమర్థత అని పిలుస్తుంటాం.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రహదారి స్థలాన్ని వాహనాలకు కాక మనుషులకు పంచాలని చెప్పింది. ఆ సూత్రానికి కఠిన పరీక్ష ఢిల్లీలో జరిగింది. అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల బస్సు మార్గం 2008లో మొదలైంది. బస్సుల వరుస ఖాళీగా ఉందని, పక్కన కార్లు బారులు తీరాయని విమర్శ వచ్చింది. చిరాగ్ ఢిల్లీ కూడలిలో నిరీక్షణ నిజంగానే దీర్ఘం. రూపకల్పనలో లోపాలు లేవని ఎవరూ అనరు. కానీ 'ఖాళీ' అన్న మాటను పరిశీలించాలి. నిమిషానికొక బస్సు, బస్సుకు 50 మంది చొప్పున వెళ్లే వరుస గంటకు 3,000 మందిని దాటిస్తుంది. అయినా ఆ నిమిషంలో అధికభాగం అది చూపరికి ఖాళీగానే కనిపిస్తుంది. కారుకు ఒకటిన్నర మంది చొప్పున అంతమందిని దాటించాలంటే 2,000 కార్లు కావాలి. సిగ్నలున్న కూడలిలో ఒక్క వరుస అన్ని కార్లను గంటలో పంపలేదు. బస్సు వరుసలోకి ఇతర వాహనాలను అనుమతించాలన్న పిటిషన్‌ను ఢిల్లీ హైకోర్టు 2012లో తోసిపుచ్చింది. న్యాయస్థానంలో నిలిచిన ఆ మార్గం రాజకీయంగా నిలవలేదు. 2016లో దానిని తొలగించారు.

అహ్మదాబాద్‌లో 2009లో ప్రారంభమైన జన్‌మార్గ్ మనగలిగింది. దానికి ప్రత్యేక స్టేషన్లు, ఆ మార్గానికే కేటాయించిన బస్సులు ఉండడం ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైన కారణం, నా అభిప్రాయంలో, అక్కడ రోడ్డుకు యజమాని, బస్సు సంస్థకు యజమాని ఒకరే కావడం: అది నగరపాలక సంస్థ. తెలుగు రాష్ట్రాల నగరాలలో రోడ్డు నగరపాలక సంస్థది లేదా రహదారులు, భవనాల శాఖది. కూడలి పోలీసులది. బస్సు మాత్రం ఆర్టీసీది. బస్సు ఆలస్యమైతే డబ్బు పోగొట్టుకునే సంస్థకు రోడ్డుమీద అధికారం లేదు. అధికారం ఉన్నవారికి ఆ నష్టం తగలదు. ఈ చీలికను పూడ్చడానికే హైదరాబాద్‌కు ఏకీకృత మహానగర రవాణా సంస్థ కోసం 2008లో చట్టం చేశారు. సమన్వయం దాని పని. రోడ్డు, పోలీసు అధికారాలు మాత్రం పాత చోటనే ఉండిపోయాయి.

ఇటీవలి నిధుల స్వరూపం ఈ ప్రశ్నను మరింత తీవ్రం చేసింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకాల కింద మహిళలకు ఉచిత ప్రయాణం లభిస్తోంది. ఆసుపత్రికో పనికో వెళ్లడానికి ఛార్జీ లెక్క చూసుకోవలసిన స్త్రీకి ఇది చిన్న విషయం కాదు; దీనిని వృథా ఖర్చుగా కొట్టిపారేసే వాదనతో నాకు ఏకీభావం లేదు. అయితే జీరో టికెట్‌కు ప్రభుత్వం చెల్లించేది ఛార్జీ. ఆ సొమ్ము దానంతటదే కొత్త బస్సును తీసుకురాదు, ఉన్న బస్సును త్వరగా తిప్పదు. ప్రయాణికులు పెరిగి వేగం పెరగకపోతే ఉచితంగా దొరికిన ప్రయాణం నిలబడి, ఆలస్యంగా సాగుతుంది.

2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకం 10,000 విద్యుత్ బస్సులకు ఉద్దేశించినది. రూ.57,613 కోట్ల అంచనా వ్యయంలో కేంద్రం వాటా రూ.20,000 కోట్లు. ఇందులో ప్రైవేటు నిర్వాహకునికి కిలోమీటరు చొప్పున చెల్లింపు ఉంటుంది. రద్దీ వల్ల బస్సు రోజుకు తిరగవలసినన్ని కిలోమీటర్లు తిరగలేకపోతే, ఒప్పందాన్ని బట్టి ఆ భారం నిర్వాహకుని మీదనో ప్రజాధనం మీదనో పడుతుంది. దానిని తగ్గించే పనులు పెద్దవి కావు. కూడలికి ముందు వంద మీటర్ల మేర బస్సుకు విడి వరుస, బస్సు రాకను గుర్తించి కొన్ని క్షణాలు పొడిగించే పచ్చదీపం, బస్టాపు ఎదుట నిలిపే వాహనాల తొలగింపు: ఇవన్నీ కలిపినా ఒక ఫ్లైఓవర్ వ్యయంలో స్వల్పభాగం. వీటికి గీతలు గీసేది ఒక శాఖ, కాపలా కాసేది మరొక శాఖ. ఆదా అయ్యే సొమ్ము మాత్రం ఈ రెంటికీ చెందని ఆర్టీసీ ఖాతాలో చేరుతుంది.