భవనానికీ గ్రేడు: అద్దె బేరంలో కరెంటు లెక్క

కోటబొమ్మాళి: పలాస జీడిపప్పు బేరంలో ‘డబ్ల్యూ 320’ అన్నారంటే పౌనుకు 300 నుంచి 320 వరకు తూగే తెల్ల గుండు పప్పు అని లెక్క. మూట విప్పకముందే ధర మాట మొదలవుతుంది. ధాన్యానికి తేమ 17 శాతం దాటితే కోత తప్పదు. సరుకుకు ఉన్నట్టే ఇప్పుడు వాణిజ్య భవనాలకూ గ్రేడు ఉంది. షాపు, షోరూము, గిడ్డంగి కొనేవారూ, అద్దెకు దిగేవారూ ఈ గ్రేడు ఏమిటో తెలుసుకోవడం లాభదాయకం.

ఏమిటీ లెక్క

భవనం ఏడాదికి వాడిన కరెంటు యూనిట్లను దాని విస్తీర్ణంతో భాగిస్తే, చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతున్నాయో తేలుతుంది. పార్కింగు స్థలాన్ని విస్తీర్ణంలో కలపరు. దీనినే ఇంధన పనితీరు సూచిక అంటారు. అంకె ఎంత తగ్గితే భవనం అంత మేలైనది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2009లో ఈ లెక్క ఆధారంగా కార్యాలయ భవనాలకు 1 నుంచి 5 వరకు స్టార్లు ఇచ్చే పథకం ప్రవేశపెట్టింది.

మన కోస్తా వంటి ఉక్క వాతావరణంలో, సగానికి పైగా ఏ.సి. ఉన్న కార్యాలయాలకు ఆనాడు ప్రకటించిన పట్టిక ఇది: 200 నుంచి 175 వరకు ఒక స్టారు, 150 వరకు రెండు, 125 వరకు మూడు, 100 వరకు నాలుగు, అంతకు తగ్గితే అయిదు.

ఉదాహరణకు 1,500 చదరపు మీటర్ల భవనం ఏడాదికి 2,40,000 యూనిట్లు వాడితే సూచిక 160, అంటే రెండు స్టార్లు. దానిని 120కి దించితే వాడకం 1,80,000 యూనిట్లకు తగ్గి నాలుగు స్టార్లు వస్తాయి. యూనిట్ 8 రూపాయల వంతున వేసుకున్నా ఏటా 4,80,000 రూపాయలు మిగులు.

చట్టం ఏమంటోంది

స్టారు తీసుకోవడం యజమాని ఇష్టం. నిర్మాణ నియమావళి మాత్రం వేరే సంగతి. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం 500 కిలోవాట్ల పైబడిన భవనాలనే పట్టించుకున్నది. 2010 సవరణతో ఆ పరిమితి 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు లేదా 120 కె.వి.ఎ. కాంట్రాక్టు డిమాండుకు దిగింది. నియమావళి తొలిసారి 2007లో, సవరించినది 2017లో వెలువడ్డాయి. మన రాష్ట్రం దీనిని 2014లో వర్తింపజేస్తూ, 1,000 చదరపు మీటర్ల స్థలం లేదా 2,000 చదరపు మీటర్ల నిర్మాణం ఉన్న వాణిజ్య భవనాలను పరిధిలోకి తెచ్చింది. చట్టానికి 2022లో చేసిన మరో సవరణ పరిమితిని ఇంకా తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఉల్లంఘనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

బజారులోని చిన్న దుకాణాలకు దీనితో పని లేదు. రోడ్డు వారన పెద్ద కాంప్లెక్సో, షోరూమో తలపెట్టినవారు మాత్రం ప్లాను మంజూరుకు ముందే ఏ పరిమితి వర్తిస్తుందో అధికారులను అడిగి తెలుసుకోవాలి. గోడలు లేచాక మార్పులంటే ఖర్చు రెట్టింపు.

లాభం ఎవరిది

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కట్టేది యజమాని, బిల్లు కట్టేది అద్దెదారు. పైకప్పుకు ఉష్ణ నిరోధకం వేయించినా, పడమటి అద్దాలకు నీడ కల్పించినా ఖర్చు ఒకరిది, మిగులు మరొకరిది. అందువల్లనే చాలామంది యజమానులు చౌక నిర్మాణానికే మొగ్గుతారు. గ్రేడు చేతిలో ఉంటే యజమాని కాస్త ఎక్కువ అద్దె అడగగలడు, బిల్లు తగ్గుతుంది గనుక అద్దెదారూ ఒప్పుకోగలడు.

ఇంగ్లండు, వేల్సులలో ఇది బేరంతో ఆగలేదు. అక్కడ ధ్రువపత్రంలో ‘ఇ’ కంటే తక్కువ తరగతి వచ్చిన వాణిజ్య భవనాలకు, కొన్ని మినహాయింపులు పోను, 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త లీజులు నిషిద్ధం. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత లీజులకూ అదే వర్తించింది. గ్రేడు లేని ఆస్తి చేతిలో సరుకు ఉండి అమ్ముడుపోని చందమైంది. మన దేశంలో అటువంటి ఆంక్ష లేదు.

మోసపోకుండా

వర్తకులు నాలుగు విషయాలు గమనించాలి. ఏ.సి. మీద ఉన్న స్టారు యంత్రానిదే గాని భవనానిది కాదు. నియమావళి ధ్రువపత్రం డిజైనును చూసి ఇచ్చేది, స్టారు వాస్తవ వాడకాన్ని చూసి ఇచ్చేది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. సగం గదులు ఖాళీగా ఉన్న భవనం సూచిక సహజంగానే తక్కువ కనిపిస్తుంది, అది మేలిమి కాదు. ఇక కార్యాలయాల పట్టికతో శీతల గిడ్డంగినో, మిల్లునో కొలవడం జీడిపప్పు గ్రేడుతో మినుములను కొలిచినట్టే.

స్టారు లేకపోయినా లెక్క ఆగదు. లీజు కుదుర్చుకునే ముందు 12 నెలల కరెంటు బిల్లులు, కొలిచిన విస్తీర్ణం, ఆ ఏడాది ఎన్ని గదులు వాడకంలో ఉన్నాయన్న వివరం అడగాలి. భాగహారం ఎవరైనా చేయగలిగినదే. బిల్లులు చూపించడానికి వెనుకాడే యజమానితో, నమూనా చూపించని కమీషన్ వ్యాపారితో ఉన్నట్టే జాగ్రత్తగా ఉండడం మంచిది.