పరుల దుఃఖకథా ప్రకటనము: ఒక ధర్మవిచారణ

ఒకరి దుఃఖమును వేరొకరు గ్రంథస్థము చేయునపుడు ఆ కథపై ఎవరికెంత అధికారము కలదను ప్రశ్న పుట్టును. చరిత్రకు సత్యము కావలెను. కథ చెప్పినవారు తమవారి నడుమ శేషజీవితము గడపవలెను. ఈ రెండింటి నడుమ పరిశోధకుని ధర్మమెట్టిదో దేశవిభజన కథనముల ఆధారమున ఇచట విచారింతము.

1947 నాటి విభజనలో ఇరుదేశములందును కలిపి సుమారు 75,000 మంది స్త్రీలు అపహరింపబడిరని అంచనా. వారిని వెదకి స్వజనులకు అప్పగించుటకై భారతదేశమున 1949లో ఒక చట్టము వెలువడెను. 1957 వరకు అమలులోనుండిన ఆ చట్టము స్త్రీల ఇష్టానిష్టములకు చోటీయలేదు. క్రొత్త సంసారమున కుదురుకొని, బిడ్డలను కని, మరలిపోనొల్లనివారును తరలింపబడిరి. మేలుచేయుదుమను తలంపుతోనే వారి మాట త్రోసివేయబడెను.

ఈ విషయము నేడు మనకు తెలియుటకు ముఖ్యకారణము ఆ తరమువారి నోటిమాటను సేకరించిన గ్రంథములే. 1998లో ఊర్వశీ బుటాలియా 'ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్'ను, రితూ మేనన్, కమలా భాసిన్‌లు 'బోర్డర్స్ అండ్ బౌండరీస్'ను ప్రకటించిరి. తెలుగున అంతకుముందే, 1986లో, స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధపోరాట స్త్రీల జీవితకథనములను 'మనకు తెలియని మన చరిత్ర'గా వెలువరించినది. కావున మౌనమే ధర్మమనరాదు. మౌనము పెక్కుమార్లు దోషికే రక్ష యగును.

అయినను చెప్పుటకు సమ్మతించుట వేరు, అచ్చువేయుటకు సమ్మతించుట వేరు. ఆప్తురాలివలె ఎదుట కూర్చున్న యొకరితో చెప్పినమాట, ఎరుగనివారు వేలమంది చదువుటకై చెప్పినది కాకపోవచ్చును. వ్రాసినదానిని మరల చదివి వినిపించి, వలదన్న భాగమును తొలగించుట విధి. పేరు మార్చినంతమాత్రమునను చాలదు. ఊరు, కులవృత్తి, తోబుట్టువుల సంఖ్య చెప్పినచో ఇరుగుపొరుగువారు ఇట్టే గుర్తింతురు. తల్లి దాచిన సంగతి మనుమలకు పుస్తకమువలన తెలియుట సామాన్యవిషయము కాదు.

అత్యాచారబాధితుల గుర్తింపును వెల్లడించుటను 1983లో భారత శిక్షాస్మృతియందు చేర్చిన 228ఎ సెక్షను నేరముగా పరిగణించెను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత 72వ సెక్షను ఆ స్థానమున నున్నది. బాధితురాలు స్వయముగా వ్రాతపూర్వకమైన అనుమతి నిచ్చినచో వెల్లడింపవచ్చునని రెండును అంగీకరించినవి. ఈ మినహాయింపు గమనింపదగినది. అవమానము అపరాధము చేసినవానిదే కాని పొందినవారిది కాదు. తన పేరుతోనే చెప్పగోరు స్త్రీకి మారుపేరు తొడుగుటయు ఆమె మాటను త్రోసివేయుటయే.

చట్టము కనీసపు హద్దు మాత్రమే. ప్రతి వివరమునకును పరిశోధకుడు ఒక ప్రశ్న వేసికొనవలెను: ఇది పాఠకుని జ్ఞానమును పెంచునా, జుగుప్సనా? జుగుప్సను మాత్రమే పెంచునది విడువదగినది. ఆ స్త్రీల నడుగకయే 1949 నాటి చట్టము వారి గతిని నిర్ణయించెను. వారి కథను వ్రాయు మనము ఆ తప్పును మరల చేయరాదు.