రీబూట్ రిజల్ట్ తెలిసేది రెండో సినిమాకే

సిస్టమ్ హ్యాంగ్ అయితే మనం ఏం చేస్తాం? రీస్టార్ట్ కొడతాం. ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది, హార్డ్ డిస్క్‌లో ఉన్నది మాత్రం అలాగే ఉంటుంది. సూపర్‌హీరో సినిమాల రీబూట్ కూడా ఇలాంటిదే. హీరో పేరు అదే ఉంటుంది. పాత కథని పక్కన పెట్టి, కొత్త నటుడు, కొత్త దర్శకుడితో మళ్లీ మొదలుపెడతారు. కాకపోతే ఇక్కడ హార్డ్ డిస్క్ అంటే ప్రేక్షకుడి బుర్ర. అందులోంచి పాత సినిమాని ఏ స్టూడియో డిలీట్ చేయలేదు. రీబూట్ ఆడినా, పోయినా అసలు కారణం అక్కడే ఉంటుంది.

బ్యాట్‌మ్యాన్: పోయిన పరువు

1997లో 'బ్యాట్‌మ్యాన్ అండ్ రాబిన్' వచ్చింది. అందులో బ్యాట్‌మ్యాన్ తన పేరుతో ఉన్న క్రెడిట్ కార్డు తీసి చూపిస్తాడు! విమర్శకులు చీల్చి చెండాడారు. ముందు సినిమాకి దాదాపు 33 కోట్ల డాలర్లు వస్తే, దీనికి 24 కోట్ల దగ్గరే ఆగింది. తర్వాత తీద్దామనుకున్న సినిమా ఆగిపోయింది.

ఎనిమిదేళ్లకి, 2005లో క్రిస్టఫర్ నోలన్ 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్' తీశాడు. జనం కంప్లైంట్ ఒక్కటే: ఇదంతా జోక్ అయిపోయింది. నోలన్ సినిమా అంతా దానికి జవాబే. ఆ సూట్ ఎక్కడిది, కారు ఎక్కడిది, ఫైటింగ్ ఎవరు నేర్పారు, ప్రతిదానికీ ఒక లాజిక్ చూపించాడు. పైగా హీరో బ్యాట్‌మ్యాన్‌గా ఎలా మారాడన్నది అంతకుముందు ఏ సినిమా పూర్తిగా చెప్పలేదు.

వచ్చింది సుమారు 37 కోట్ల డాలర్లు. బాగానే ఉంది గానీ రికార్డులేం కాదు. 2008లో వచ్చిన 'ది డార్క్ నైట్' మాత్రం 100 కోట్లు దాటింది. హీత్ లెడ్జర్ జోకర్ పాత్ర పెద్ద కారణమే, కాదనలేం. కానీ మొదటి సినిమా మీద నమ్మకం కుదరకపోతే అంతమంది థియేటర్‌కి వచ్చేవాళ్లా?

స్పైడర్‌మ్యాన్: తొందరపాటు

టోబీ మగ్వైర్ చేసిన మూడో 'స్పైడర్‌మ్యాన్' 2007లో 89 కోట్ల డాలర్లు తెచ్చింది. సినిమాలు తీస్తూ ఉంటేనే స్పైడర్‌మ్యాన్ హక్కులు సోనీ చేతిలో ఉంటాయి. కాబట్టి ఆగే వీల్లేదు. ఐదేళ్లకే, 2012లో ఆండ్రూ గార్ఫీల్డ్‌తో రీబూట్ చేశారు. నటనకి మంచి పేరే వచ్చింది. కానీ మళ్లీ సాలీడు కుట్టడం, మళ్లీ అంకుల్ బెన్ చనిపోవడం! పదేళ్ల క్రితమే చూసేశాం కదా అనిపించింది. మొదటిదానికి 75 కోట్లు, 2014లో వచ్చిన రెండోదానికి సుమారు 70 కోట్లు. నోలన్ విషయంలో పెరిగిన గ్రాఫ్ ఇక్కడ కిందకి దిగింది.

2015లో సోనీ, మార్వెల్ చేతులు కలిపాయి. 2017లో టామ్ హాలండ్ 'హోమ్‌కమింగ్' వచ్చింది. ఈసారి సాలీడు కుట్టే సీన్ లేదు, అంకుల్ చావు లేదు. మీకు తెలుసుగా అన్నట్టు వదిలేసి, స్కూల్ పిల్లాడి కష్టాలు చూపించారు. 88 కోట్లు వచ్చాయి, రెండోది 113 కోట్లకి చేరింది. మూడోది 'నో వే హోమ్' (2021). పాత స్పైడర్‌మ్యాన్‌లు ఇద్దర్నీ తెరమీదకి తెచ్చి 190 కోట్లు దాటించారు. తెలుగు డబ్బింగ్‌లో చూసినవాళ్లకి ఆ సీన్ దగ్గర పడ్డ ఈలలు గుర్తుండే ఉంటాయి. డిలీట్ చేయలేని జ్ఞాపకాన్నే పెట్టుబడిగా వాడుకున్నారన్నమాట.

ఇంతకీ లెక్క ఏంటి?

మొదటి సినిమా టికెట్ హీరో పేరు మీద, కొత్త నటుడు ఎలా చేశాడో చూద్దామన్న కుతూహలం మీద తెగుతుంది. రెండోదాని టికెట్ నమ్మకం మీద తెగుతుంది. ఆ నమ్మకం రావాలంటే పాత కంప్లైంట్‌కి జవాబు ఉండాలి, తెలిసిన కథ మళ్లీ చెప్పి విసిగించకూడదు.

2025లో జేమ్స్ గన్ 'సూపర్‌మ్యాన్' కూడా ఈ దారే పట్టింది. క్రిప్టాన్ పేలుడూ, పల్లెటూరి బాల్యమూ మళ్లీ చూపించకుండా నేరుగా కథలోకి దిగింది. 60 కోట్ల డాలర్లు దాటింది. హిట్టా, యావరేజా అని వాదించుకోవడం మానేయండి. అసలు రిజల్ట్ తర్వాతి సినిమా మొదటి వారంలో వస్తుంది.