కంప్యూటరు మాటిమాటికీ స్తంభించిపోతుంటే

పని మధ్యలో తెర మీది బాణపు గుర్తు కదలక నిలిచిపోతుంది. మూలనున్న గడియారం ఒక నిమిషం దగ్గరే ఆగిపోతుంది. ఏ మీట నొక్కినా జవాబుండదు. డెస్క్‌టాప్ కంప్యూటరు వాడేవారిలో ఈ అనుభవం లేనివారు అరుదు. ఏడాదికొకసారి ఇలా జరిగితే పట్టించుకోనక్కర లేదు. వారానికి రెండు మూడు మార్లు జరుగుతున్నదంటే ఎక్కడో లోపమున్నదని అర్థం. మన బళ్లారిలో జీన్స్ కుట్టు యూనిట్ల కూలి లెక్కలు, కిరాణా దుకాణాల బాకీ పద్దులు, ఆస్తి పన్ను రసీదుల నకళ్లు, పిల్లల చదువు పత్రాలు ఇప్పుడు ఇటువంటి యంత్రాలలోనే ఉంటున్నాయి. యంత్రాన్ని మరల కొనగలము గాని మూడేళ్ల లెక్కలను కొనలేము.

ఇటువంటప్పుడు చాలామంది యంత్రాన్ని వెంటనే మరమ్మతు దుకాణానికి పంపుతారు. అక్కడ తరచుగా వినవచ్చే మాట “ఫార్మాట్ చేస్తే సరిపోతుంది” అని. ఫార్మాట్ అంటే విండోస్ ఉన్న డిస్క్ భాగాన్ని తుడిచివేసి దానిని కొత్తగా ఎక్కించడం. లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఇది పనిచేస్తుంది. దుమ్ము పట్టిన ఫ్యాను వల్లనో, చెడిపోతున్న డిస్క్ వల్లనో యంత్రం ఆగుతుంటే దస్త్రాలు పోవడం తప్ప ఫార్మాట్ వల్ల ఒరిగేది ఏమీ లేదు. కనుక ముందు దస్త్రాలను భద్రపరచాలి. తరువాత యంత్రం ఎప్పుడెప్పుడు ఆగుతున్నదో గమనించాలి. ఆ పిమ్మటనే ఏ భాగాన్నైనా ముట్టుకోవాలి.

యంత్రం నిజంగా స్తంభించిందా, లేక నెమ్మదించిందా అన్నది మొదట తేల్చుకోవలసిన విషయం. కీబోర్డు మీది క్యాప్స్ లాక్ మీటను నొక్కి చూడండి. దాని చిన్న దీపం వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణమున్నట్లే. ఏదో ఒక ప్రోగ్రామో, డిస్కో మాత్రమే చిక్కుకున్నది. అయిదు నిమిషాలు ఓపిక పట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒక్కసారిగా నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. స్పందించని ప్రోగ్రామును అక్కడ ఎంచి ఆపివేయవచ్చు. తెర ఒక్కటే చచ్చినట్లుండి లోపల పాట వినిపిస్తూనే ఉంటే, విండోస్ మీటతో పాటు కంట్రోల్, షిఫ్ట్, బి నొక్కండి. తెరను నడిపే గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. క్యాప్స్ లాక్ దీపం కూడా కదలకపోతే మాత్రం పవర్ బటన్‌ను సుమారు పది సెకన్లు అదిమిపట్టి ఆపడం తప్ప దారి లేదు. ఇలా ఆపిన ప్రతిసారీ అప్పుడు వ్రాయబడుతున్న దస్త్రం చెడిపోయే ప్రమాదం ఉంటుంది గనుక దీనిని అలవాటు చేసుకోరాదు.

యంత్రం తిరిగి మొదలైన వెంటనే ముఖ్యమైన దస్త్రాలను బయటి డిస్క్‌లోకి నకలు తీయండి. వీలైతే ఇంటర్నెట్ మీది భద్రతా స్థలంలో మరొక నకలు ఉంచండి. ఒకే పెన్ డ్రైవ్‌ను నమ్ముకోవడం మంచిది కాదు. నకలు తీస్తుండగా పాత తరహా హార్డ్ డిస్క్ నుండి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తే అంతటితో ఆపివేయాలి. అది డిస్క్ లోపలి చదివే ముల్లు తడబడుతున్న గుర్తు. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడడం వల్ల మిగిలినది కూడా పోతుంది. అటువంటి డిస్క్ మీద చెక్‌డిస్క్ వంటి మరమ్మతు ఆదేశాలను నడపడం రోగితో పరుగు తీయించడం వంటిది. దస్త్రాలు అమూల్యమైనవైతే డేటా రికవరీ నిపుణుల వద్దకు తీసుకువెళ్లండి.

తరువాతి పనికి ఒక చిన్న పుస్తకం, ఒక కలం చాలు. యంత్రం ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ, ఆన్ చేసిన ఎంతసేపటికి ఆగింది, అప్పుడు ఏ పని జరుగుతున్నది, కరెంటు ఎలా ఉన్నది వ్రాసి ఉంచండి. పది రోజులు వ్రాస్తే చాలా యంత్రాల జబ్బు దానంతట అదే బయటపడుతుంది. మధ్యాహ్నాలలో, బరువైన పని మొదలైన అరగంటకు ఆగుతుంటే వేడిని అనుమానించాలి. ఏ పని చేస్తున్నా ఏ వేళనైనా ఆగుతుంటే ర్యామ్ మీదికో, విద్యుత్తు మీదికో దృష్టి పోవాలి. ఒక్క ప్రోగ్రాము తెరిచినప్పుడే ఆగుతుంటే తప్పు ఆ ప్రోగ్రాముది. ప్రక్క గదిలో నీటి మోటారు ఆడినప్పుడల్లా ఆగుతుంటే కంప్యూటరును విప్పేముందు ఇంటి వైరింగును చూపించాలి. విండోస్ కూడా ఇటువంటి లెక్క ఒకటి వ్రాస్తూ ఉంటుంది. రిలయబిలిటీ మానిటర్ అని వెతికితే రోజువారీ పట్టిక కనబడుతుంది. మీ పుస్తకాన్ని, దానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడండి.

మన ఊరిలో వేడి సంగతి కొంచెం విస్తరించి చెప్పవలసి ఉన్నది. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. దానికి తోడు గనుల వైపు నుండి, రోడ్ల మీది లారీల నుండి ఎర్రని దుమ్ము. ప్రాసెసరు మీది ఫ్యాను గాలితో పాటు ఈ దుమ్మును కూడా లోనికి లాగుతుంది. అల్యూమినియం రెక్కల మధ్య అది దూది పరుపులా పేరుకొని గాలిని అడ్డుకుంటుంది. చాలా ప్రాసెసర్లకు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ చివరి హద్దు. ఆ దరిదాపులకు చేరితే అవి మొదట తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ చల్లబడకపోతే యంత్రం ఆగిపోతుంది. ఈ రెంటి నడుమ కొన్ని యంత్రాలు స్తంభిస్తాయి. క్యాబినెట్‌ను బల్ల క్రింది మూసిన అరలో ఉంచడం, నడుస్తుండగానే దుమ్ము పడకుండా గుడ్డ కప్పడం మనవారికి అలవాటు. గుడ్డ కప్పాలన్న ఆలోచన మంచిదే గాని యంత్రం ఆగిన తరువాతనే కప్పాలి.

ఆయుధ పూజ నాడు ప్రతి దుకాణంలోనూ కంప్యూటరుకు కుంకుమ పెట్టి పూలు చుట్టడం చూస్తాము. ఆ రోజున పైపైన తుడిచేవారే గాని మూత తీసి లోపల శుభ్రం చేసేవారు తక్కువ. ఏడాదికి కనీసం ఆ ఒక్కసారైనా, వీలైతే వేసవికి ముందు మరొకసారి, ఈ పని చేయడం మేలు. యంత్రం వారంటీలో ఉంటే మూత విప్పడానికి ముందు షరతులు చదువుకోండి. తీగను గోడ ప్లగ్గు నుండి పూర్తిగా తీసివేయాలి. పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన విద్యుత్తును పోనివ్వాలి. క్యాబినెట్ లోపలి రంగు లేని లోహ భాగాన్ని చేతితో తాకి, ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. మెత్తని పొడి కుంచెతోను, చేతి బ్లోయర్‌తోను దుమ్ము పోగొట్టండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరగకుండా వేలితో పట్టుకోవాలి. తడిగుడ్డ పనికిరాదు. ఇంటి వాక్యూమ్ క్లీనరు గొట్టాన్ని బోర్డుకు ఆనించడం కూడా క్షేమం కాదు. నాలుగైదేళ్లు దాటిన యంత్రంలో ప్రాసెసరుకు, దాని మీది లోహపు దిమ్మకు మధ్యనుండే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. దానిని మార్చడం చేయి తిరిగిన మెకానిక్ పని.

వేడి కాదని తేలితే డిస్క్, ర్యామ్ మిగులుతాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం చాలాసేపు 100 శాతం వద్దనే నిలిచి ఉంటే పాత హార్డ్ డిస్క్ పని అందుకోలేకపోతున్నదనుకోవాలి. డిస్క్ తన ఆరోగ్య స్థితిని స్మార్ట్ అనే లెక్కలో తానే నమోదు చేసుకుంటుంది. దానిని చదివి చూపే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. హెచ్చరిక కనబడితే డిస్క్‌ను మార్చడమే మార్గం. ఎస్.ఎస్.డి. వేయించుకుంటే పాత యంత్రం కూడా చురుకవుతుంది. ర్యామ్‌ను పరీక్షించడానికి విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ అనే సాధనం యంత్రంలోనే ఉన్నది. ఒక్కసారి తప్పులేమీ లేవని చెప్పినంత మాత్రాన నిశ్చింత పడరాదు. రెండు ర్యామ్ కడ్డీలు ఉంటే ఒక్కొక్కదానితో రెండు రోజుల చొప్పున నడిపి చూడడం మరింత నమ్మదగిన పరీక్ష. తీసి మళ్లీ గట్టిగా అమర్చినంత మాత్రాన బాగుపడిన యంత్రాలు కూడా ఉన్నాయి. 4 జీబీ ర్యామ్‌తో విండోస్ 11 మొదలవుతుంది గాని బ్రౌజరులో పది పుటలు తెరిస్తే ఊపిరాడదు. దానిని జబ్బు అనడం కంటె చాలనితనం అనడం సరి.

మనకు అందే విద్యుత్తు 230 వోల్టులుగా ఉండాలి. అది హెచ్చుతగ్గులవుతుంటే భారం ఎస్.ఎం.పి.ఎస్. అనే విద్యుత్ పెట్టె మీద పడుతుంది. సరైన ఎర్తింగు, బ్యాటరీ బాగున్న యూపీఎస్ ఉండాలి. ఆ పెట్టెను మాత్రం ఎన్నడూ విప్పకండి. తీగ పీకిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక. బలవంతంగా ఆపిన ప్రతిసారీ విండోస్ తన చిట్టాలో కెర్నల్ పవర్ 41 అని వ్రాసుకుంటుంది. దానిని చూపించి ఎస్.ఎం.పి.ఎస్. పోయిందని చెప్పేవారు ఉంటారు. యంత్రం సక్రమంగా ఆగలేదని మాత్రమే ఆ సంఖ్యకు అర్థం, ఎందుకాగిందో అది చెప్పదు.

సాఫ్ట్‌వేర్ వైపు చూడవలసినవి కొద్దిపాటివే. ఈ బాధ మొదలైన వారంలో కొత్తగా ఏమి ఎక్కించారో గుర్తు తెచ్చుకొని దానిని తొలగించండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసివేయండి. సేఫ్ మోడ్‌లో రోజంతా ఆగకుండా నడిస్తే లోపం ఏదో డ్రైవర్‌లోనో ప్రోగ్రాములోనో ఉండే అవకాశం ఎక్కువ. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందని కూడా గుర్తుంచుకోవాలి.

వీటన్నిటికీ భిన్నమైన స్తంభన ఒకటి ఉన్నది. బ్రౌజరు తెర నిండా ఎర్రని హెచ్చరిక వచ్చి, సైరన్ మోగి, “మీ కంప్యూటరు లాక్ చేయబడింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి” అంటుంది. ఇది యంత్రపు జబ్బు కాదు, మోసం. నిజమైన విండోస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. ఆ నంబరుకు ఫోన్ చేసినవారి చేత ఒక ప్రోగ్రామును ఎక్కింపజేసి, దాని ద్వారా యంత్రాన్ని తమ చేతిలోకి తీసుకొని బ్యాంకు ఖాతా దాకా వెళతారు. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం అవసరం. ఎస్కేప్ మీటను కొంతసేపు అదిమిపట్టి, అప్పటికీ పోకుంటే టాస్క్ మేనేజర్ ద్వారా బ్రౌజరును మూసివేయండి. తిరిగి తెరిచినప్పుడు పాత పుటలను పునరుద్ధరించమంటారా అని అడిగితే వద్దనండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.

యంత్రాన్ని దుకాణానికి ఇవ్వవలసి వచ్చినప్పుడు మీ పుస్తకాన్ని కూడా తీసుకువెళ్లండి. తెలిసిన మెకానిక్‌కు ఆ రెండు పుటలు గంట శ్రమ తగ్గిస్తాయి. ఫార్మాట్ చేసేముందు మిమ్మల్ని అడగాలని రసీదు మీదనే వ్రాయించండి. మార్చిన పాత భాగాలను, ముఖ్యంగా పాత డిస్క్‌ను, తిరిగి ఇమ్మని అడగండి. చెడిపోయిందన్న డిస్క్‌లో కూడా మీ ఆధార్ నకళ్లు, బ్యాంకు పత్రాలు చదవదగిన స్థితిలోనే ఉండవచ్చు. డిలీట్ చేసినంత మాత్రాన అవి చెరిగిపోవు. పాత బోర్డులను, డిస్క్‌లను, యూపీఎస్ బ్యాటరీలను చెత్త బండిలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ వ్యర్థాలు నమోదు పొందిన రీసైక్లర్లకే చేరాలి. సీసపు బ్యాటరీలకు వేరుగా నిబంధనలు ఉన్నాయి. కొత్తది కొనేటప్పుడు పాతదానిని అమ్మకందారుకే అప్పగించడం సులువైన పద్ధతి. డిస్క్‌ను ఇచ్చేముందు, అది పనిచేస్తుంటే పూర్తిగా తుడిచే ప్రోగ్రాముతో తుడిపించండి. పనిచేయనిదైతే మీ కళ్ల ముందే దానికి రంధ్రాలు వేయించి ఇవ్వండి.