బొటనవేలికి తెలిసిన కష్టం

రామగిరి వైపు ఎండాకాలం పెళ్లి భోజనమంటే, ఇప్పుడు చివర్లో ఐస్‌క్రీమ్ ఉండాల్సిందే. డబ్బా పక్కన స్కూపు పట్టుకుని నిలబడిన మనిషిని ఎప్పుడైనా గమనించారా? మొదటి పంక్తికి ‘టక్ టక్’ మని హుషారుగా నొక్కిన బొటనవేలు మూడో పంక్తికి మొరాయిస్తుంది. స్కూపు కథంతా ఆ చేతినొప్పి కథే మరి!

ఐస్‌క్రీమ్ చెంచాకి అంటుకుంటే ఓ పట్టాన ఊడిరాదు. వెనకటికి ఒక చెంచాతో తీసి, ఇంకో చెంచాతో గీకి కప్పులో వేసేవాళ్లు. 1870ల్లో అమెరికాలో గరాటులాంటి సాధనం ఒకటి వచ్చింది. కొసన ఉన్న తాళంచెవిలాంటి పిడి తిప్పితే లోపలి రేకు గీరుకుంటూ ముద్దని వదిలేది. బాగానే ఉందిగానీ, దానికీ రెండు చేతులూ కావాలి. ఇక కప్పు పట్టుకునేదెవరు?

పిట్స్‌బర్గ్‌లో మందుల షాపులో, హోటల్లో పనిచేసిన నల్లజాతి యువకుడు ఆల్ఫ్రెడ్ క్రాల్‌కి ఈ అవస్థ కంటపడింది. ఒక్క చేత్తోనే తీసి, వదిలే స్కూపు తయారుచేసి, 1897 ఫిబ్రవరి 2న పేటెంటు పొందాడు. మన పెళ్లిళ్లలో టక్కుమనే స్కూపులకి తాత అదేనన్నమాట. పాపం, దాంతో ఆయనకి దక్కిన డబ్బు మాత్రం పెద్దగా లేదు.

అయినా గట్టి ఐస్‌క్రీమ్ తవ్వే బాధ తప్పలేదు. షాపులో వడ్డించే అమ్మాయి చేతికి బొబ్బలెక్కడం చూసిన షెర్మన్ కెల్లీ, 1930ల్లో ‘జీరోల్’ స్కూపు తెచ్చాడు. అందులో మీటా లేదు, స్ప్రింగూ లేదు. అల్యూమినియం పిడిలో ఒక ద్రవం నింపాడు. మన అరచేతి వెచ్చదనమే దాని ద్వారా అంచుకి పాకి, అంటుకున్న చోట కాస్త కరిగిస్తుంది. ఎంత తేలికైన ఉపాయమో చూడండి!

పాత మీట స్కూపు దొరికితే దానిమీద అంకె ఉందేమో చూడండి. 16 అని ఉంటే ఒక క్వార్టుకి, అంటే దాదాపు 946 మిల్లీలీటర్లకి, 16 ముద్దలొస్తాయని లెక్క. అంకె పెరిగేకొద్దీ ముద్ద చిన్నదవుతుంది. ఎంతమందికి ఎన్ని డబ్బాలు తేవాలో అక్కడే తేలిపోతుంది. కడిగాక పళ్లచక్రం దగ్గర తడి లేకుండా తుడవాలి, లేదంటే పట్టేస్తుంది.

ఇంట్లో స్కూపు లేదా? డబ్బాని ఐదు నిమిషాలు బయట ఉంచి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన స్టీలు గరిటె వాడండి. ముద్ద అంత గుండ్రంగా రాదు, పిల్లలు అడగరు లెండి.