కనుమ కోడికూరతో పై రొట్టె

పై రొట్టె అనునది మైదాపిండి, కొవ్వు కలిపి చేసిన రెండు రొట్టెల నడుమ కూరను ఉంచి, అంచులు మూసి, ఓవెనులో కాల్చెడి పాశ్చాత్య వంటకము. ఆంగ్లములో దీనిని 'పై' అని మాత్రమే అంటారు. తెలుగులో ఆ మాటకు 'మీద' అను అర్థము ఉన్నందున ఈ వ్యాసములో పై రొట్టె అని వ్రాయబడినది. ఇది ఆంధ్రుల సంప్రదాయ వంటకము కాదు. అయితే పండుగకు వండిన కోడి మిగిలినపుడు దానిని ఏమి చేయవలెను అను ప్రశ్న అన్ని దేశములలోనూ ఉన్నదే. నాటుకోడి కూరకు ఉన్న ఒక గుణము వలన అది ఈ రొట్టెకు బాగుగా సరిపోతుంది.

కనుమ కోడి

సంక్రాంతి పండుగలో భోగి, సంక్రాంతి, కనుమ అను మూడు దినములు ముఖ్యమైనవి. సంక్రాంతి నాడు పితృదేవతలకు తర్పణములు విడుస్తారు కనుక చాలా ఇండ్లలో మాంసము వండరు. కనుమ పశువుల పండుగ. ఆనాడు కృష్ణా డెల్టాలో మినపగారెలు, నాటుకోడి కూర వండుట వాడుక. గుడివాడకు సమీపమున ఉన్న పెదపారుపూడి మొదలుకొని దివిసీమ వరకు ఏ పల్లెలోనైనా ఆ మూడు రోజులు ఇండ్లు కూతుళ్ళు, అల్లుళ్ళు, మనుమలతో నిండి ఉంటాయి. భోజనమునకు ఎందరు కూర్చుంటారో ముందుగా తెలియదు. అల్లుడికి కూర చాలలేదను మాట రాకూడదు కనుక కూర ఎప్పుడూ ఎక్కువగానే వండుతారు.

పందెములో ఓడిన పుంజు మాంసమును 'కోజ' అంటారు. కోడిపందెములు 1960 నాటి జంతుహింస నివారణ చట్టము, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టముల క్రింద శిక్షార్హమైనవి. అయినను ఏటేటా జరుగుతూనే ఉన్నవి, కోజకు గిరాకీ కూడా ఉన్నది. ఈ మాంసము గట్టిగా ఉంటుంది, చాలాసేపు ఉడకవలెను.

ముక్కనుమ నాటికి పిల్లలు బస్సులు, రైళ్ళు ఎక్కి వెళ్ళిపోతారు. ఇంటిలో ఇద్దరు పెద్దవాళ్ళు, సగము కూర ఉన్న గిన్నె మిగులుతాయి. పారవేయుటకు మనసు ఒప్పదు. పూటకొకసారి వెచ్చచేసి మూడు నాలుగు రోజులు తినుట జరుగుతుంది. కడుపు చెడుటకు ఇదియే తరచు కారణము.

పై రొట్టె పుట్టుక

మధ్యయుగములో ఐరోపా వంటలలో పై రొట్టె తొడుగు తినుటకంటె నిలువ చేయుటకే ఎక్కువగా ఉపయోగపడినది. మందమైన పిండి గోడల లోపల మాంసము ఉడికి, గాలి తగలకుండా ఉండేది. ఆనాటి ఆంగ్లములో ఈ తొడుగును 'కాఫిన్' అనేవారు, అనగా పెట్టె. శవపేటికకు అదే పేరు వచ్చుట వలన నేడు వినుటకు వింతగా ఉంటుంది. కాల్చిన తరువాత పైకప్పు రంధ్రము గుండా ఎముకల రసమును పోసేవారు. అది చల్లారి జెల్లీగా గడ్డకట్టి, మాంసమునకు, పిండికి నడుమ ఖాళీని పూరించేది. ఇంగ్లాండులో పందిమాంసపు పై రొట్టెలను నేటికీ ఇట్లే చేస్తారు.

అమెరికాలో నవంబరు నాలుగవ గురువారము నాడు జరుపుకొను థాంక్స్ గివింగ్ పండుగకు టర్కీ కోడిని కాలుస్తారు. పక్షి పెద్దది, తినేవారు కొద్దిమంది. మరునాడు మిగిలిన మాంసముతో పై రొట్టె చేయుట అక్కడ మామూలు.

నాటుకోడి ప్రత్యేకత

వయసు ముదిరిన, బాగా తిరిగిన కోడిలో కొలాజెన్ అను మాంసకృత్తి ఎక్కువ. నెమ్మదిగా చాలాసేపు ఉడికినపుడు అది జెలటిన్‌గా మారి పులుసులోనికి దిగుతుంది. నాటుకోడి కూరను ఫ్రిజ్‌లో ఉంచితే ఉదయానికి పులుసు పేరుకొని కదలకుండా ఉండుట ఇందువలననే. ఇంగ్లీషువారు ఎముకలు వేరుగా ఉడికించి సంపాదించు జెల్లీ మన గిన్నెలో ముందే ఉన్నది. పేరుకొన్న కూరను రొట్టెలో నింపితే పిండిని తడపదు, పొయ్యి మీదకు చేరి అడుగు ఉడకనారంభించిన తరువాతనే కరుగుతుంది. బ్రాయిలర్ కోడి త్వరగా ఉడుకును కనుక పులుసు ఇంతగా పేరుకోదు. దానికి పిండి కలిపి చిక్కచేయక తప్పదు.

కూరను నిలువ చేయుట

ఈ వంటలో అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. కూర కనుమ రాత్రి అంతా గిన్నెలో మూతపెట్టి బయట ఉండినట్లయితే రొట్టె చేయరాదు. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అను సూక్ష్మజీవి బీజములు ఉడికించినా చావవు. పెద్ద గిన్నెలో కూర నెమ్మదిగా చల్లారునపుడు అవి మొలకెత్తి వేగముగా పెరుగుతాయి. మరికొన్ని సూక్ష్మజీవులు విడుచు విషములు తిరిగి మరగబెట్టినా పోవు. కనుక 'మరగబెడితే అన్నీ పోతాయి' అను నమ్మకము సరియైనది కాదు. వాసన బాగున్నదను పరీక్ష కూడా చాలదు.

భోజనములు ముగిసిన రెండు గంటలలోపే కూరను వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచి చల్లార్చి, 5 డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువ చలిలో ఉంచవలెను. ఇట్లు ఉంచినది మూడు రోజులలోపు వాడవలెను. కరెంటు ఎక్కువసేపు పోయిన ఇంటిలో ఈ లెక్క చెల్లదు.

కావలసిన పదార్థములు

తొడుగునకు: మైదాపిండి 250 గ్రాములు, పేరుకొన్న నెయ్యి లేదా చల్లని వెన్న 125 గ్రాములు, ఉప్పు అర చెంచా, చల్లని నీరు సుమారు 5 పెద్ద చెంచాలు.

లోపలి కూరకు: ఎముకలు తీసిన కోడికూర ముక్కలు 2 కప్పులు, పేరుకొన్న పులుసు అర కప్పు, ఉడికించిన బంగాళాదుంప ఒకటి, పచ్చి బఠాణీలు అర కప్పు, ఉల్లిపాయ ఒకటి. పూతకు ఒక కోడిగ్రుడ్డు.

తయారు చేయు విధానము

మైదాలో ఉప్పు, నెయ్యి వేసి వ్రేళ్ళ కొసలతో రవ్వవలె అగువరకు నలపవలెను. అరచేయి వాడితే వేడికి నెయ్యి కరిగి తొడుగు గట్టిపడును. డెల్టాలో పుష్యమాసపు తెల్లవారుజామున గేదె నెయ్యి పేరుకొని ఉంటుంది కనుక ఈ పని ఉదయము చేయుట మంచిది, మధ్యాహ్నము ఎండకు కష్టము. నేతితో చేసినది గుల్లగా, ఇసుకవలె రాలుతుంది. పొరలు విడువవలెనన్నచో వెన్నయే కావలెను. నీరు కొద్దికొద్దిగా చిలకరించి ముద్దచేసి, చపాతీ పిండివలె పిసుకకుండా, అరగంట చల్లని చోట ఉంచవలెను.

కూర ముక్కల నుండి ఎముకలను జాగ్రత్తగా తీయవలెను. నాటుకోడి ఎముక చీలి సన్నని పుల్లగా మిగులుతుంది, రొట్టెలో అది కనిపించదు. చేతితో తడిమి చూచుట తప్ప వేరు మార్గము లేదు. ఉల్లిపాయను వేయించి, బఠాణీలు, దుంప కలిపి, చల్లారిన తరువాత ముక్కలను, పులుసును చేర్చవలెను. కనుమ కూరలో కారము, మసాలా ముందే ఉన్నవి కనుక మరేమీ వేయనక్కరలేదు. కూర మరీ కారముగా ఉంటే దుంపను పెంచవచ్చును.

పిండిలో మూడింట రెండు వంతులు అప్పడాల కర్రతో వత్తి 8 అంగుళముల పళ్ళెములో పరచి, కూర నింపి, మిగిలిన పిండితో మూతవేసి, అంచులను కజ్జికాయకు వలె మడిచి నొక్కవలెను. ఆవిరి పోవుటకు నడుమ రెండు గాట్లు పెట్టి గ్రుడ్డు పూయవలెను. ఓవెనులో 200 డిగ్రీల వద్ద 20 నిమిషములు, తరువాత 180 డిగ్రీల వద్ద మరి 20 నిమిషములు కాల్చవలెను. లోపలి కూర నడుమ 74 డిగ్రీలకు చేరవలెను. గాట్ల నుండి పులుసు బుడగలు వచ్చుట దానికి గుర్తు.

ఓవెను లేనిచోట

పాత ప్రెషర్ కుక్కరులో రబ్బరు, విజిల్ తీసివేసి, అడుగున ఉప్పు లేదా ఇసుక అంగుళము మందము పరచి, పదినిమిషములు వేడిచేసి, పళ్ళెమును గట్టు మీద ఉంచి సన్నని మంటపై సుమారు 50 నిమిషములు కాల్చవచ్చును. పై మూత ఎర్రబడదు, ఆ లోపమును ఒప్పుకొనక తప్పదు.

నూనెలో వేయించుట సులభమని కొందరు భావించవచ్చును. పైన చెప్పిన పిండి నూనెలో విడిపోవును. దానికి కజ్జికాయల పిండియే కలుపవలెను: పావుకిలో మైదాకు రెండు పెద్ద చెంచాల కాచిన నెయ్యి చాలును. సంక్రాంతికి వాడిన కజ్జికాయల చెక్కలోనే కూర నింపి మూయవచ్చును. పులుసు మాత్రము పూర్తిగా ఇగర్చవలెను, లేనిచో అంచు విచ్చుకొని నూనె చిందును. బేకరీలలో దొరకు చికెన్ పఫ్ ఈ రెంటికీ నడుమది.

రొట్టెను వేడిగా, కోసిన పూటనే తినవలెను. ఒకసారి వెచ్చబడిన ఈ కూరను మరల ఫ్రిజ్‌లో పెట్టి మూడవమారు వేడిచేయకుండుట మంచిది. ఇద్దరే ఉన్న ఇంటిలో 8 అంగుళముల రొట్టె ఎక్కువ అగును కనుక సగము కొలతతో చేసి, మిగిలిన కూరను మొదటి రోజే గడ్డకట్టు అరలో ఉంచుకొనవచ్చును.